ఆరు నిలువు, ఒకటి అడ్డం

చొక్కాకి గుండీలు దూర్చే కాజాలు ఏడు. ముందు పట్టీ మీద ఆరు నిలువుగా ఉంటాయి, మెడ పట్టీ మీద ఒకటి అడ్డంగా ఉంటుంది. చొక్కాలు తొడుక్కునేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఈ సంగతి తెలియదు. రోజూ పొద్దున్నే వాళ్ళ వేళ్ళు ఆ ఏడింటి మీదుగానే పైకి పాకుతాయి, అయినా తెలియదు. అద్దంలో మొహం చూసుకునే తొందరలో మెడ కింద ఏముందో ఎవరు చూస్తారు? ఆమె చూస్తుంది. పదకొండేళ్ళుగా ఆమె కుట్టేవి అవే.

యూనిఫారాలు కుట్టే ఆ యూనిట్టులో ఎవరినీ పేరుతో పిలవరు. కాలర్లు వేసే ఆవిడ కాలరక్క. చేతులు అతికే ఆయనకు మనవలు పుట్టినా ఇంకా చేతులబ్బాయే. ఈమె కాజాలమ్మ. గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆమె పేరు ఆమెకే గుర్తు రాదు.

సోమవారం సాయంత్రం ఆరున్నరకు కాజాలమ్మ వెనక గదిలో ఇస్త్రీ బల్ల మీద దుప్పటి మడత సరిచేసి, దాని మీద గుండీల పెట్టె పెట్టుకుంది. రెండరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో ఆ పెట్టె అంత. అడుగున ఒకే వరసలో పదహారు రబ్బరు గుండీలు, ఒక్కోదాని నెత్తిన కందిగింజంత ఎర్ర దీపం. పైన తిప్పే మరలు నాలుగు, చిన్న స్పీకరు, గుండుసూది మొనంత మైకు. దాన్ని గ్రూవ్‌బాక్స్ అంటారని మరిది చెప్పాడు. కొన్నదీ అతనే. నాలుగు రోజులు దాని మీద ఒంగి కూర్చుని, ఐదో రోజు బీరువా పైకెక్కించాడు. దుమ్ము దులుపుతుంటే ఆమె చేతికి తగిలింది. "ఇది నీకు పనికొస్తుందా అబ్బాయ్?" అని అడిగితే, "నువ్వే ఉంచుకో వదినా, బొమ్మలాంటిది," అన్నాడు. ఆ మాట ఆమె గుర్తు పెట్టుకుంది. అతను పెట్టుకోలేదు.

పెట్టె వాడకం సులువు. గుండీ నొక్కితే ఆ గడిలో చప్పుడు పడుతుంది, ఇంకోసారి నొక్కితే పోతుంది. దీపం మొదటి గడి నుంచి చివరి గడి దాకా పరుగెత్తి, మళ్ళీ మొదటికొస్తుంది. అలా పేర్చిన వరసను ఒక నంబరు కింద దాచుకోవచ్చు. తప్పు చేస్తే కుట్టు విప్పే బ్లేడు అక్కర్లేదు, దారం పోగులు ఏరక్కర్లేదు, సూపర్‌వైజరు మొహం చూడక్కర్లేదు. ఇంకోసారి నొక్కడమే. పగలంతా తప్పు చేయకూడని చేతులకు అది ఎంత సుఖమో ఆ చేతులకే తెలుసు. ఆ అరగంట కోసం ఆమె అంట్లు త్వరగా తోమేది.

కిందటి వారం పెట్టెను మధ్యాహ్నం డబ్బా సంచిలో పెట్టుకుని యూనిట్టుకు తీసుకెళ్ళి, అందరూ భోజనాలకు లేచాక తన మిషను చప్పుడు దాని మైకుకు వినిపించింది. కాజా మిషను పని రెండు ముక్కల్లో ఉంటుంది. ముందు సూది గుడ్డ మీద చుట్టూ తిరిగి కుడుతుంది, జర్‌ర్‌మని. తర్వాత చిన్న కత్తి ఒకటి పడి మధ్యలో చీలుస్తుంది, టక్‌మని. ఆమెది నాలుగో నంబరు మిషను. దాని కత్తి స్క్రూ కాస్త వదులు. అందుకని అది టక్‌మనదు, పడి ఎగిరి మళ్ళీ పడి, టట్‌ అంటుంది. మెడ పట్టీ దగ్గరికొచ్చేసరికి లోపల బక్రం అనే బిరుసు గుడ్డ ఉంటుంది గనక, దబ్‌మని బరువుగా పలుకుతుంది.

ఆ సోమవారం ఆమె ఆ చప్పుళ్ళన్నీ గడుల్లో పేర్చింది. సూదికి ఒక గడి, కత్తికి ఒక గడి. నిలువు కాజాలు ఆరు, అడ్డం కాజా ఒకటి. ఏడు రెళ్ళు పద్నాలుగు. పెట్టెకు పదహారు గడులున్నాయి కదా, పదహారూ నింపుదామని ఆమెకు తోచనేలేదు. చొక్కా అయిపోయాక ఇంకా ఏం కుడతాం? వరస పొడవు తిప్పే మరను పద్నాలుగు దగ్గర ఆపి, మొదలెట్టింది.

జర్ టట్, జర్ టట్, జర్ టట్, జర్ టట్, జర్ టట్, జర్ టట్, జర్ దబ్. వెంటనే రెండో చొక్కా. చివరి రెండు గుండీల మీద దీపం వెలగకుండానే వెనక్కి తిరిగింది.

స్కూలు వ్యాను నిలిపి లోపలికొచ్చిన ఆమె భర్త తాళం చెవి మేకుకు తగిలించబోతూ ఆగాడు.

"ఏంటే అది? మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు లేనట్టుంది."

"బాగాలేదా?"

"బాగుందో లేదో తెలీదు. ఇంకోసారి పెట్టు."

రెండోసారి అతని పాదం నేల మీద దానంతటదే ఆడింది. దబ్ దగ్గర తడబడి, సర్దుకుని, మళ్ళీ అందుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. తనకు కలిగిందే ఇంకొకరికీ కలగడం ఇంత బాగుంటుందని ఆమె అనుకోలేదు.

"వదినా, ఇదేంటి?" అంటూ మరిది గుమ్మంలోకొచ్చాడు. పగలు ఫోన్లు బాగుచేస్తాడు, సాయంత్రాలు కీబోర్డు వాయిస్తాడు. చొక్కా మెడ గుండీ ఎప్పుడూ పెట్టుకోడు.

"ఊరికే," అందామె.

ఎవరేమడిగినా ఆమె జవాబు అదే. ఎందుకే ఆ టకటకలు అంటే ఊరికే. ఏం చేస్తావు దాంతో అంటే ఊరికే. ఆ మాట అంటే ఇంకెవరూ ఏమీ అడగరు.

"మళ్ళీ కొట్టు." అతను ఫోను తీసి స్పీకరు దగ్గర పెట్టాడు. ఆమె పోయి ఫ్యాను కూడా ఆపి వచ్చింది, గాలి చప్పుడు పడకుండా. మూడుసార్లు వినిపించింది. అడిగాడు గదా అని సంబరంగా వినిపించింది.

*

బుధవారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కాలరక్క ఫోను చూస్తూ తింటోంది. చూడకుండా తింటే ఆవిడకు ముద్ద దిగదు.

"ఇదిగో కాజాలమ్మా, మీ మరిది! గట్టివాడేనే! ఎంతమంది చూశారో చూడు."

ఫోనులో మరిది నల్ల కళ్ళజోడు పెట్టుకుని కీబోర్డు ముందు ఊగుతున్నాడు. కీబోర్డు రాగం కింద ఏదో నడుస్తోంది. కాజాలమ్మ చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. జర్ టట్. జర్ టట్. ప్రపంచంలో ఎన్ని కాజా మిషన్లున్నా అలా రెండుసార్లు పడే కత్తి ఒక్కటే, అది ఆ బల్లకు ఇరవై అడుగుల దూరంలో ముసుగేసుకుని ఉంది. వీడియో కింద రాసి ఉంది: "నా కొత్త బాణీ. తాళం, రాగం రెండూ నావే."

"ఆ టకటకలు భలే ఉన్నాయే," అంది కాలరక్క. "ఎక్కడో విన్నట్టు కూడా ఉంది."

పదకొండేళ్ళుగా పక్క మిషను మీదే వింటున్నావు తల్లీ అనబోయి, కాజాలమ్మ నీళ్ళు తాగింది. ఇంట్లో మాట ముందు ఇంట్లోనే తేలాలి.

ఆ మధ్యాహ్నమంతా ఒక్క కాజా కూడా వంకర పోలేదు. కోపం వస్తే ఆమె చేతులు మరీ తిన్నగా నడుస్తాయి.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఇస్త్రీ బల్ల మీద పెట్టె లేదు. ముందు గదిలో మరిది ఒళ్ళో ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గుండీలు నొక్కుతున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. కాసేపటికి అతను తలెత్తి, ఇయర్‌ఫోన్లు తీశాడు.

"శనివారం డ్రమ్ముల మాస్టారు మనింటికొస్తున్నారు వదినా! వీడియో చూసి ఆయనే ఫోన్ చేశారు. నచ్చితే వాళ్ళ బృందంలోకి తీసుకుంటారు. వాళ్ళు ఎక్కని స్టేజీ లేదు, తెలుసా?"

"సంతోషం. అందులో తాళం నాదని చెప్పావా?"

అతను ఇయర్‌ఫోన్ల తీగ వేలికి చుట్టాడు. తర్వాత నవ్వాడు.

"అబ్బా, వదినా! మిషను చప్పుడు ఎవరిదైతేనేం? నువ్వేదో ఊరికే నొక్కావు. దాన్ని పాట చేసింది నేను కదా."

ఊరికే. ఆ మాట ఆమెదే. ఆమె నోట్లో ఉన్నప్పుడు అది తలుపు గడియ, వేసుకుంటే ఎవరూ లోపలికి రారు. అతని నోట్లో పడేసరికి చీపురైంది. ఆమె లోపలికి వెళ్ళి ఇస్త్రీ పెట్టె వేడెక్కించింది.

"పోనీలేవే, చిన్నవాడు," అన్నాడు భర్త, తలుపు వారగా నిలబడి. "ఏదో మంచి అవకాశం వస్తోంది. నువ్వేమైనా స్టేజీ ఎక్కుతావా?"

"ఎక్కను."

"మరి ఇంకేం కావాలి?"

"నాది నాదని అనాలి. అంతే." ఆమె చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టెను ఆ చివరి నుంచి ఈ చివరికి లాగింది. "దాన్ని మాత్రం నేను వదలను."

భర్త ఆ చొక్కా వంక చూశాడు. అది తనదే. ఇంకో మాట అంటే కాలేలా ఉందని వెళ్ళిపోయాడు.

*

గురువారం పెట్టె మళ్ళీ ఇస్త్రీ బల్ల మీదికొచ్చింది. పక్కనే ఒక చాక్లెట్టు. పాపం, మరిది చెడ్డవాడేం కాదు. తప్పు చేసి తీపి పెట్టే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఆమె చాక్లెట్టు పక్కకు జరిపి, మొదలెట్టే గుండీ నొక్కింది. దీపం పదమూడు, పద్నాలుగు దాటి పదిహేను మీద వెలిగింది, పదహారు మీద వెలిగింది. చప్పుడు ఏదో చప్పట్లలా ఉంది, శుభ్రంగా, ఒకే దెబ్బ. సూది లేదు, కత్తి లేదు. తాళం పరేడులా నడిచిపోతోంది.

"సరిచేశాను వదినా," అని ముందు గదిలోంచి అరిచాడు మరిది. "రెండు గడులు ఖాళీ వదిలేశావు. దాంతో నా కీబోర్డు కుదరడం లేదు, ప్రతిసారీ జారిపోతోంది. ఆ టట్ టట్ కూడా మురికిగా ఉందని తీసేశా."

"పాతది ఏది?"

"దాని మీదే సేవ్ చేశా. పాతది పొరపాటే కదా!"

ఆమె కుర్చీలో కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో తన ఇంట్లోకొచ్చి, తను సర్దుకున్న గది తుడిచి, ఇప్పుడు బాగుంది చూడు అన్నట్టుంది. నీళ్ళు తుడుచుకుంది. తర్వాత పెట్టెను దగ్గరకు లాక్కుంది.

వరస పొడవును పద్నాలుగుకు తిప్పడం ఎంతసేపు? అది చేసింది. గడులు మళ్ళీ పేర్చడానికి కాగితం కూడా అక్కర్లేకపోయింది, ఆ లెక్క ఆమె వేళ్ళలోనే ఉంది. చప్పుడే దొరకలేదు. పెట్టెలో ఉన్న డ్రమ్ములు, గంటలు, చెక్కలు అన్నీ పెట్టి చూసింది. ఏదీ కాదు. మరిది వీడియోలో ఉందిగానీ, దాని మీద కీబోర్డు పరుచుకుని ఉంది, విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆమె పెట్టెను ఆపి, మధ్యాహ్నం డబ్బా సంచిలో అడుగున పెట్టి, పైన చేతిరుమాలు కప్పింది. చాక్లెట్టు మాత్రం తినేసింది. దాని మీద కోపం దేనికి?

*

శుక్రవారం భోజనాల గంట మోగగానే నాలుగో నంబరు మిషను దగ్గర ఒక రిజెక్టు ముక్క వేసి పెడలు నొక్కింది.

జర్‌ర్. టక్.

ఇంకోసారి నొక్కింది. టక్. ఒకటే దెబ్బ. పొద్దుటి నుంచి ఏదో తేడాగా ఉందని అనిపిస్తూనే ఉంది. మనసు ఇంటి దగ్గరుండి ఆమె పట్టించుకోలేదు. వెంటనే లేచి మెకానిక్ బాబాయ్ గూటికెళ్ళింది. అది మెట్ల కింద చిన్న అర, నిండా స్క్రూల డబ్బాలు. బాబాయ్ అప్పుడే డబ్బా మూత తీస్తున్నాడు.

"బాబాయ్, నా మిషను ఏం చేశారు?"

"నిన్న సాయంత్రం సర్వీసు చేశాను. కత్తి స్క్రూ వదులైందమ్మాయ్, రెండుసార్లు పడుతోంది. ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"నాకు అదే కావాలి."

"ఏది?"

"రెండుసార్లు పడేది."

బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ స్క్రూడ్రైవరు పట్టుకుని తిరుగుతున్నాను. బాగున్న మిషను పాడు చెయ్యమన్న మనిషిని ఇదే చూడటం."

"ఐదు నిమిషాలు చాలు. తర్వాత మీరే బిగించెయ్యండి."

"ఎందుకో చెప్పు."

'ఊరికే' నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"నా పాట ఉంది అందులో," అంది.

ఆ మాట బయటికొచ్చాక ఆమెకే చెవులు వేడెక్కాయి. నా పాట అని ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు. బాబాయ్ నవ్వలేదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

నడవలో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. బాబాయ్ మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూని పావు చుట్టు తిప్పాడు. ఆమె పెడలు నొక్కింది. టక్. ఇంకొంచెం. టక్. "ఇంకొక వెంట్రుక," అందామె. బాబాయ్ ఊపిరి బిగబట్టి తిప్పాడు. ఆమె నొక్కింది.

టట్.

"అదీ!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

ఆమె సంచిలోంచి పెట్టె తీసి మిషను దగ్గర పెట్టింది. సూది నడక, కత్తి పడటం పట్టుకుంది. దబ్ కోసం మెడ పట్టీ కావాలి, ఎక్కడుందా అని చూస్తుంటే పక్కనుంచి బక్రం వేసిన పట్టీ ఒకటి ఆమె ముందుకొచ్చింది. కాలరక్క ఫోను పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"ఆ వీడియోలోది నీ మిషనే కదూ?" అంది మెల్లగా. "నిన్న రాత్రంతా నాకు నిద్ర పట్టలేదే, ఎక్కడ విన్నానా అని."

"నా మిషనే."

"మరి బుధవారం చెప్పవేం?"

"ముందు ఇంట్లో చెప్పాలి గదా అక్కా."

కాలరక్క పట్టీని మిషను పాదం కింద సర్ది పట్టుకుంది. దబ్. ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. బాబాయ్ స్క్రూ బిగించి లేస్తూ, నడుం పట్టుకుని, "నా మిషను పాటలు కూడా పాడుతుందన్నమాట," అన్నాడు.

"నా మిషను," అని సరిదిద్దింది కాజాలమ్మ.

ఆ సాయంత్రం ఆమె గడులన్నీ మళ్ళీ పేర్చి, మరిదిది ఉన్న ఒకటో నంబరును ముట్టుకోకుండా, తనదాన్ని ఏడో నంబరులో దాచింది. అతనిది చెరిపేయడం ఒక్క నొక్కు పని. ఆ నొక్కు ఆమె నొక్కలేదు. చెరిపితే ఎలా ఉంటుందో ఆమెకు నిన్ననే తెలిసింది.

*

శనివారం మూడు గంటలకు డ్రమ్ముల మాస్టారు వచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, బక్కగా ఉంటాడు. డ్రమ్ములేవీ తేలేదు. రెండు పుల్లలు, ఒక రబ్బరు పలక తెచ్చుకున్నాడు. పలకను ఒళ్ళో పెట్టుకుని, "కానివ్వు బాబూ," అన్నాడు.

ఆమె వెనక గదిలో ఇస్త్రీ చేస్తోంది. మరిది వేసుకున్న లేతనీలం చొక్కా పొద్దున ఆమె ఇస్త్రీ చేసిందే. భర్త ముందు గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు, పరీక్ష రాస్తున్నది తనే అన్నట్టు.

పదహారు గడుల తాళం మొదలైంది. దాని మీద కీబోర్డు చక్కగా నడిచింది. మాస్టారి పుల్లలు రెండు నిమిషాలు కలిసి నడిచి ఆగిపోయాయి.

"ఇది కాదుగా."

"ఇదే మాస్టారూ."

"వీడియోలో ఉన్నది వేరు. అందులో కాలు పడబోయి నిలబడుతుంది. నాలుగు రోజులుగా బస్సులో, మంచం మీద అదే కొట్టుకుంటున్నాను, లెక్క అందడం లేదు. దానికోసమే వచ్చాను. ఇలాంటివి నా దగ్గర సంచులకొద్దీ ఉన్నాయి."

"అది… అందులో పొరపాటుంది మాస్టారూ. సరిచేశాను."

"పొరపాటే వాయించు."

మరిది వేళ్ళు పెట్టె మీద తిరిగాయి. రెండు గడులు తీసి చూశాడు, ఒకటి కలిపి చూశాడు. చప్పట్లు ఎక్కడెక్కడో పడ్డాయి. చెమట పట్టింది. వెనక గదిలో ఇస్త్రీ పెట్టె పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆమెకు జాలేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"ఆ పొరపాటు చేసింది ఎవరు?" అని అడిగాడు మాస్టారు.

మరిది పెట్టె మరలు తిప్పుతూనే ఉన్నాడు. భర్త గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్," అన్నాడు తమ్ముడితో, "చెప్పు." అంతకుమించి అనలేదు. ఆ మనిషికి అదే ఎక్కువ.

"మా వదిన," అన్నాడు మరిది, పెట్టె వంక చూస్తూ. "కుట్టు మిషను చప్పుడుతో ఆడుకుంటుంటే… ఊరికే వచ్చింది."

ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, స్విచ్చి ఆపి, ఆమె ముందు గదిలోకొచ్చింది.

"ఊరికే రాలేదు," అంది.

గొంతు పెంచలేదు. మరిది పక్కనుంచి చెయ్యి చాపి, పెట్టెను ఏడో నంబరుకు తిప్పి, నొక్కింది.

జర్ టట్, జర్ టట్. మాస్టారి మొహం విప్పారింది. పుల్లలు ఎత్తాడు, దబ్ దగ్గర తప్పాడు. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ తప్పాడు. నలభై ఏళ్ళుగా డ్రమ్ములు కొడుతున్న మనిషి పిల్లాడిలా పగలబడి నవ్వాడు.

"ఎంత లెక్కమ్మా ఇది?"

"ఏడు. ఆరు నిలువు, ఒకటి అడ్డం."

"అంటే?"

ఆమె చుట్టూ చూసింది. ఎదురుగా లేతనీలం చొక్కా ఉంది. "ఇలా నిలబడు అబ్బాయ్," అని మరిదిని వెలుగులోకి తిప్పింది. అతను బొమ్మలా నిలబడ్డాడు. ఆమె చూపుడు వేలు కింది గుండీ మీద పడింది.

"ఇక్కణ్ణుంచి. సూది, కత్తి. ఒకటి. సూది, కత్తి. రెండు." వేలు గుండీ గుండీకీ పైకి ఎక్కింది. మాస్టారు కుర్చీ జరుపుకుని దగ్గరకొచ్చి, చొక్కా మీదే కళ్ళు పెట్టి, పుల్లతో పలక మీద మెల్లగా కొట్టాడు. "ఆరు. ఇక మెడ దగ్గర అడ్డం కాజా. లోపల బక్రం ఉంటుంది, అందుకని బరువు. ఏడు. చొక్కా అయిపోయింది. ఆగకండి, రెండో చొక్కా."

మరిది మెడ గుండీ పెట్టుకోలేదు గనక ఏడోసారి ఆమె వేలు విడిగా ఉన్న పట్టీని పట్టుకోవాల్సి వచ్చింది. మూడో చొక్కాకి మాస్టారి పుల్లలు కుదిరాయి. ఐదో చొక్కాకి ఆమె వేలు అక్కర్లేకపోయింది. మరిది మాత్రం అలాగే నిలబడి తన చొక్కా వంక తలవంచి చూస్తున్నాడు, అది తనదేనా అన్నట్టు.

మాస్టారు పుల్లలు ఆపి చేతులు జోడించాడు. "మీరు మా బృందంలోకి రావాలమ్మా."

"రాను మాస్టారూ. పగలు నాకు పని ఉంది. ఇది సాయంత్రం ఇంట్లో ఊరికే చేసుకునేది."

"ఇప్పుడే ఊరికే రాలేదన్నారు?"

"ఊరికే చేసుకుంటాను. ఊరికే రాలేదు." ఆమెకు ఆ రెండు మాటలూ వేరువేరని ఇప్పుడే స్పష్టంగా కనిపించింది. "మీకు నచ్చితే వాయించుకోండి. ఎవరిదని అడిగితే కాజాలమ్మదని చెప్పండి. పెట్టె మాత్రం ఇక్కడే ఉంటుంది." మరిది వైపు తిరిగింది. "ఆ వీడియో కింద రాసింది మార్చు."

"ఏమని రాయను?" అన్నాడతను.

"రాగం నీదే కదా, నీదని రాయి. తాళం కాజాలమ్మది."

అతను ఫోను తీసి అక్కడే రాశాడు. మాస్టారు పుల్లలు సంచిలో పెట్టుకుంటూ, "రాగం బాగుంది బాబూ, అబద్ధం చెప్పను," అన్నాడు. "ఈ ఏడు మీద దాన్ని నిలబెట్టడం వచ్చాక రా. అప్పుడు చూద్దాం."

ఆదివారం మరిది బయటే తిరిగాడు. భర్త మాత్రం వ్యాను కడుగుతూ దాని తలుపు మీద ఏదో కొట్టుకుంటుంటే ఆమెకు కిటికీలోంచి వినిపించింది. ఐదు దగ్గరే మొదటికొచ్చేస్తున్నాడు.

సోమవారం ఆరున్నరకు ఆమె ఇస్త్రీ బల్ల మీద దుప్పటి మడత సరిచేసి పెట్టె పెట్టుకుంది. గుమ్మం దగ్గర నీడ పడింది. మరిది కీబోర్డును రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు.

"ఏంటి అబ్బాయ్," అందామె తల తిప్పకుండా, "ఊరికే వచ్చావా?"

"ఊరికే రాలేదు వదినా." కీబోర్డును ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు. "నాకు ఏడు నేర్పుతావా?"

ఆమె అతని వంక చూసింది. బల్ల మీద బట్టలు ఒక పక్కకు నెట్టి కీబోర్డుకు చోటు చేసింది.

"ముందు మెడ గుండీ పెట్టుకో," అంది.

అతను కీబోర్డు దించి, చొక్కా కింది గుండీ దగ్గర వేలు పెట్టాడు. పెదవులు కదులుతుంటే ఒక్కొక్కటే ముట్టుకుంటూ పైకొచ్చి, మెడ దగ్గర అడ్డం కాజాలో గుండీ దూర్చాడు. అతని వేలు అక్కడికి చేరగానే ఆమె మొదలెట్టే గుండీ నొక్కింది.